‘అప్పుడు నీకేమైంది?’: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

2018 జూన్ చివరి నుంచి ఆగస్టు చివరి దాకా నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను, కానీ ఆ సంగతి నాకు తెలియదు. ఆ రెండు నెలల గురించి పెళ్ళిళ్ళలో అడుగుతారు, కూరగాయల బండి దగ్గర అడుగుతారు, మెట్టుగూడ మెట్రో స్టేషన్ మెట్ల మీద ఆపి మరీ అడుగుతారు. అప్పటి కథను పుస్తకంగా రాస్తున్నాను. అది పూర్తయ్యేలోగా చెప్పిందే చెప్పే బాధ తప్పుతుందని ఇవన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను డాక్టరును కాదు, మల్కాజిగిరిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే టీచరును.

మీకు వచ్చిన జబ్బు పేరేమిటి?

యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. మా పిన్ని దాన్ని ‘గూడ్సు బండంత పేరు’ అంటుంది. విడదీస్తే అంత కష్టమేమీ కాదు. మెదడు కణాల మీద ఎన్‌ఎండీఏ గ్రాహకాలని ఉంటాయి. ఒక కణం పంపిన కబురును పక్క కణం అందుకునే తలుపులవి. కొత్తది నేర్చుకోవాలన్నా, నేర్చింది గుర్తుండాలన్నా, ఆలోచన ఒక వరసలో నడవాలన్నా అవి ఉండాలి. ఒంట్లో చొరబడిన క్రిముల మీదకు పోవాల్సిన యాంటీబాడీలు దారి తప్పి ఈ తలుపులను పట్టుకుంటాయి. పట్టుకోగానే తలుపులు కణం లోపలికి ముడుచుకుపోతాయి. కణం మాత్రం సాధారణంగా చావదు. యాంటీబాడీలు తగ్గితే తలుపులు మళ్ళీ పైకి వస్తాయి. నేను తిరిగి సుద్దముక్క పట్టుకోవడం వెనక ఉన్న రహస్యం అంతే. ఆపరేషన్లలో మత్తుకు వాడే కెటమిన్ కూడా ఈ గ్రాహకాల మీదే పనిచేస్తుంది. ఆ మందు తీసుకున్నవాళ్ళకు కాసేపు లేనివి కనిపించడం ఎందుకో దీన్నిబట్టి ఊహించవచ్చు. నాకు అది వారాల తరబడి నడిచింది.

దీన్ని 2007లో జోసెప్ దల్మావ్ అనే నరాల వైద్యుడు, ఆయన సహచరులు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గుర్తించి వెల్లడించారు. వాళ్ళు మొదట వివరించింది 12 మంది స్త్రీల గురించి. నేను పదో తరగతి రాసిన ఏడాది అది. అంతకు ముందు ఈ జబ్బు లేదని కాదు, పేరు లేదు. పేరు లేని కాలంలో ఇది వచ్చినవాళ్ళంతా ఏ గదుల్లో, ఏ గుళ్ళ ముందు, ఏ గొలుసులతో ఉండి ఉంటారో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మెదడువాపు అంటే దోమల వల్ల వచ్చేదే కదా? మీ వీధిలో పందులున్నాయా?

లేవు. మీరు అడిగేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. అది వైరస్. పందులు, నీటి పక్షుల నుంచి దోమల ద్వారా మనిషికి చేరుతుంది. మెదడువాపు అనే మాట రెంటికీ వర్తిస్తుంది కాబట్టి ఈ పొరపాటు సహజమే. నాది అంటుకునేది కాదు. నాతో ఒకే కంచంలో తినవచ్చు. మా అపార్ట్‌మెంటులో కొందరికి ఈ మాట నమ్మకం కుదరడానికి ఏడాది పట్టింది.

మొదట ఏం జరిగింది?

బడులు తెరిచిన నెలలో జ్వరం వచ్చింది. ఐదు రోజులు ఉండి పోయింది. తలనొప్పి మిగిలింది. తర్వాత నిద్ర పోయింది, అంటే నన్ను వదిలిపోయింది. మూడు రాత్రులు రెప్ప వేయలేదట. ఒకరోజు తరగతిలో బోర్డు మీద ఒక సమీకరణం రాసి, దాని కిందే మళ్ళీ అదే రాసి, దాని కింద మళ్ళీ అదే రాసి, బోర్డు నిండాక గోడ మీదకు వెళ్ళానట. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత ఒకమ్మాయి వెళ్ళి హెడ్‌మాస్టరుగారిని పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నేను కనిపిస్తే ఇప్పటికీ కొంచెం బెదురుతుంది.

ఆ తర్వాత అన్నీ వరసగా వచ్చాయి: పాలలో మందు కలిపారన్న అనుమానం, పక్కింటి టీవీలో నా గురించే చెబుతున్నారన్న భయం, అమ్మను చూసి ‘నువ్వు మా అమ్మవి కావు’ అనడం. తర్వాత మాటలు తగ్గాయి. ఎవరేమంటే అదే తిరిగి అనేదాన్ని. ‘అన్నం తింటావా’ అంటే ‘అన్నం తింటావా’. చివరికి అదీ పోయి, నోరు మాత్రం ఏదో నములుతున్నట్టు ఆడుతూ ఉండేదట.

ఇవన్నీ మీకు గుర్తున్నాయా?

ఒక్కటీ లేదు. పై జవాబులో ‘అట’ ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. నా స్వీయచరిత్రలో ముఖ్యమైన అధ్యాయానికి నేను సాక్షిని కాను. తమ్ముడి ఫోనులో పదకొండు వీడియోలున్నాయి. నేను చూసింది నాలుగు. అందులో నా చున్నీ కట్టుకున్న ఎవరో ఒకామె గోడ వైపు చూస్తూ దవడ తిప్పుతుంటుంది. ఆసుపత్రి కేస్ షీట్ ఉంది. దాన్ని చదవడానికి ఒక స్నేహితురాలి సాయం కావలసి వచ్చింది.

అన్నిటికన్నా పనికొచ్చింది అమ్మ పాల లెక్కల పుస్తకం. నీలం అట్ట, నలభై పేజీలు, వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడేది. పాలు ఎంత తీసుకున్నదీ రాసే చోటే అమ్మ మిగతావీ రాసింది, వేరే కాగితం దగ్గర లేక.

‘జూన్ 18. అర లీటరు. జ్వరం 101.’
‘జూన్ 24. లీటరు. జ్వరం లేదు. తల నొప్పి అంటోంది.’
‘జూన్ 27. అర లీటరు. రాత్రంతా మేలుకునే ఉంది.’
‘జూన్ 29. అర లీటరు. పాలలో ఏదో కలిపారంది. తాగలేదు.’
‘జూలై 3. నన్ను ఎవరు నువ్వు అంది.’

జూలై 3 నుంచి పాల లెక్క లేదు.

పూనకం అన్నారట, నిజమేనా?

నిజమే. అది ఆషాఢమాసం. బోనాల డప్పులు మా వీధి గుండా వెళ్తుండగా నా ఒళ్ళు బిగుసుకుని, కళ్ళు పైకి పోయి, వణుకు మొదలైంది. నగరంలో వేరే నెలలో అయితే ఎవరైనా మూర్ఛ అనేవారు. ఆ నెలలో అమ్మవారు అన్నారు. మేనత్త పసుపు నీళ్ళు, వేపమండలు తెచ్చింది. ఎదురింటి ఆవిడ చేతులు జోడించి, వాళ్ళ అబ్బాయికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో నన్ను అడిగిందట. నేనేం చెప్పానో ఎవరికీ గుర్తులేదు, ఆ అబ్బాయికి మాత్రం ఆ దసరాకు ఉద్యోగం వచ్చింది. ఆవిడ ఇప్పటికీ నన్ను ‘మీరు’ అంటుంది.

నాకు మేనత్త మీద కోపం లేదు. ఆమె వేపమండ పట్టుకుని రాత్రంతా నా పక్కన కూర్చుంది. ‘పెళ్ళి చేయండి, అన్నీ సర్దుకుంటాయి’ అన్నవాళ్ళ మీద మాత్రం ఉంది. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. పెళ్ళికాని పిల్లకు ఏమొచ్చినా పెళ్ళే మందు! బెర్లిన్ జూలో క్నూట్ అని ఒక తెల్ల ఎలుగుబంటి ఉండేది. 2011లో వందలమంది చూస్తుండగా మూర్ఛ వచ్చి నీళ్ళలో పడి చనిపోయింది. దానికి వచ్చింది కూడా నా జబ్బేనని 2015లో తేల్చారు. దానికి పెళ్ళి కాలేదని మాత్రం ఎవరూ అనలేదు.

డాక్టర్లు ఎందుకు గుర్తుపట్టలేదు? కేసు వేయలేదా?

వేయలేదు. మొదటి క్లినిక్‌లో నిద్రమాత్రలు ఇచ్చారు. పూనకం తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రి మానసిక విభాగంలో తొమ్మిది రోజులు ఉంచారు. పేర్లు చెప్పను, అడగవద్దు. నిద్ర లేదు, అనుమానాలున్నాయి, లేనివి వినిపిస్తున్నాయి, స్కానింగ్ మామూలుగా ఉంది. ఆ నాలుగూ కలిపితే సైకోసిస్, అంటే ఉన్నదానికీ లేనిదానికీ తేడా తెలియని మానసిక స్థితి, అనుకోవడం మూర్ఖత్వమేమీ కాదు. ఈ జబ్బులో సగానికి పైగా రోగులకు ఎంఆర్‌ఐ మామూలుగానే ఉంటుంది. పెద్దవాళ్ళలో చాలామంది మొదట చేరేది మానసిక వైద్యుల దగ్గరికే.

నా ఫిర్యాదు వేరు. ‘ముందు జ్వరం వచ్చిందండీ’ అని అమ్మ మూడుసార్లు చెబితే మూడుసార్లూ ఎవరూ రాసుకోలేదు. మందులు వేశాక ఒళ్ళు కట్టెలా బిగుసుకుని మళ్ళీ జ్వరం వస్తే మోతాదు పెంచారు. మళ్ళీ మూర్ఛ వచ్చినప్పుడు ఒకాయన ‘నాటకం’ అన్నారు. ఈ జబ్బు ఉన్నవారికి కొన్ని సైకోసిస్ మందులు పడవు, బిగుసుకుపోవడం ఎక్కువవుతుంది. అది జరిగిన రోజున ఆగి ఆలోచించి ఉండాల్సింది.

చివరికి ఎలా తెలిసింది?

తొమ్మిదో రాత్రి ఊపిరి సరిగా అందక పెదవులు నీలిబడ్డాయి. 108లో ఇంకో ఆసుపత్రికి మార్చారు. అక్కడి నరాల డాక్టరుగారు కాస్త పెద్దావిడ. కేస్ షీట్ తిరగేసి పక్కన పెట్టి, ‘మొదటి రోజు నుంచి ఏమైందో మీరు చెప్పండమ్మా’ అన్నారట. అమ్మకు మాట రాలేదు. సంచిలోంచి పాల పుస్తకం తీసి ఇచ్చింది. ఆవిడ నిలబడే చదవడం మొదలుపెట్టి, రెండో పేజీకి కుర్చీ లాక్కున్నారట. జ్వరం, తలనొప్పి, నిద్రలేమి, అనుమానం, మూర్ఛ, మాట పోవడం, దవడ. పుస్తకం మూసి, ‘పాలు ఎక్కడ తీసుకుంటారు?’ అని అడిగారట. అమ్మ అనుమానంగా ఎందుకని అడిగితే, ‘ఏమీ లేదమ్మా, ఊరికే’ అన్నారట. ఏడుస్తున్న మనిషిని మాటల్లో పెట్టడానికి అడిగి ఉంటారని నా అంచనా.

ఆ రాత్రే మెదడు విద్యుత్ పరీక్ష, ఈఈజీ తీశారు. తరంగాలు నెమ్మదించి ఉన్నాయి. పొద్దున వెన్ను నీరు తీశారు. అందులో తెల్లకణాలు పెరిగి ఉన్నాయి. యాంటీబాడీ పరీక్ష ఫలితం రావడానికి రోజులు పడుతుంది. అది రాకముందే చికిత్స మొదలుపెట్టారు. ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుందన్నారు.

వెన్నులోంచి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయంటారు కదా?

మా నాన్న కూడా సంతకం పెట్టడానికి రెండు గంటలు తటపటాయించారు, ఈ మాట వల్లే. వెన్నుపాము పెద్దవాళ్ళలో నడుము పైభాగం దగ్గరే ఆగిపోతుంది. సూది వేసేది దానికి చాలా కింద. అక్కడ ఉండేది నీటిలో తేలే నరాల పోగులు. సూది తగిలితే చాలావరకు పక్కకు జరుగుతాయి. తర్వాత రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు. ఈ యాంటీబాడీలు కొందరిలో రక్తంలో కనిపించకుండా ఈ నీటిలోనే కనిపిస్తాయి కాబట్టి, రక్తపరీక్షతో సరిపెడతామంటే ఒప్పుకోకండి.

కడుపులో వెంట్రుకల గడ్డ దొరికిందని విన్నాం. చేతబడి కాదా?

ఈ ప్రశ్న ఎలాగూ వస్తుందని తెలుసు. ఎడమ అండాశయంలో ఉసిరికాయంత గడ్డ దొరికింది. దాన్ని టెరటోమా అంటారు. తీసి కోస్తే కొవ్వు, దాంట్లో చుట్ట చుట్టుకున్న వెంట్రుకలు. కొందరిలో పళ్ళు కూడా ఉంటాయట. విషయం తెలియగానే మేనత్త ‘నేను చెప్పలేదూ’ అని లేచి నిలబడింది. నిమ్మకాయలో వెంట్రుకలు పెట్టి గుమ్మంలో పడేసే కథలు విని పెరిగిన ఇంట్లో ఇక వేరే రుజువెందుకు?

అసలు సంగతి ఇది. అండాశయంలో ఉండేవి ఒక మనిషి మొత్తానికి మూలమైన బీజకణాలు. వాటిలో ఒకటి గతి తప్పి పెరిగితే చర్మం, వెంట్రుక, పన్ను, ఏదైనా తయారుకావచ్చు. ఒక్కోసారి నరాల కణజాలం కూడా. ఆ నరాల ముక్కలో ఎన్‌ఎండీఏ గ్రాహకాలుంటాయి. ఇక్కడ మెదడు ముక్కేమిటని ఒళ్ళు దాని మీద యుద్ధం ప్రకటిస్తుంది. ఆ ఆయుధాలే తర్వాత అసలు మెదడు మీద పడతాయి. అందరికీ గడ్డ ఉండదు. పిల్లల్లో, మగవాళ్ళలో అరుదు. హెర్పిస్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చి తగ్గాక ఇది మొదలైనవాళ్ళూ ఉన్నారు. చాలామందిలో కారణం దొరకదు. గడ్డ ఉంటే మాత్రం తీసేయడం చికిత్సలో ముఖ్యభాగం. నాది చిన్న రంధ్రాలు పెట్టి తీశారు.

చికిత్స ఏమిటి? ఎంత ఖర్చయింది?

ఐదు రోజులు రోజుకు ఒక గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, నరం ద్వారా. దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే ఇతరుల యాంటీబాడీలు. అది వేలమంది దాతల ప్లాస్మా కలిపి తయారుచేసేది. మోతాదు బరువును బట్టి ఉంటుంది. నా 52 కిలోలకు రోజుకు 20 గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు నాలుగు. ఐదు రోజులకు ఇరవై సీసాలు. తమ్ముడు ఖాళీ సీసా ఒకటి దాచాడు, ఇప్పుడు దాంట్లో మనీప్లాంట్ పెరుగుతోంది. అవి చాలక, యాంటీబాడీల తయారీకి మూలమైన కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు వారానికొకటి చొప్పున నాలుగు డోసులు ఇచ్చారు. కొందరికి ప్లాస్మా మార్పిడి కూడా చేస్తారు.

ఐసీయూతో కలిపి పదకొండు లక్షలు దాటింది. ఘట్‌కేసర్ దగ్గర నా పెళ్ళికని కొన్న 150 గజాల స్థలం అమ్మేశారు. మాకు బీమా లేదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. అర్హత ఉంటే చేరిన రోజే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను కలిసి ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో అడగండి, డిశ్చార్జి రోజున కాదు.

ఆకుపసరుతో తగ్గుతుందా?

తగ్గదు.

ఎన్నాళ్ళకు మామూలు మనిషయ్యారు?

మొదటి జ్ఞాపకం ఏసీ డబ్బా మీద గూడు కట్టుకుంటున్న పావురం. అది ఆగస్టు చివర. పావురమని తెలుస్తోంది, మాట రావడం లేదు. విచిత్రమేమిటంటే, మంచినీళ్ళు అడగలేని రోజుల్లో నాన్న ఊరికే ‘పదమూడు ఒకట్ల’ అని మొదలుపెడితే, నేను పదమూడో ఎక్కం చివరిదాకా అప్పజెప్పానట. చిన్నప్పుడు బెత్తంతో నేర్చుకున్నవి మెదడులో ఎక్కడో వేరే అరలో ఉంటాయేమో! నర్సులు చూడటానికి వచ్చేవారు. ఎక్కం అయిపోగానే మళ్ళీ మౌనం.

ఇంటికొచ్చాక చెంచాను ‘అన్నం తోసేది’ అనేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి అక్కడే నిలబడి పొంగిపోతుంటే చూస్తుండేదాన్ని, కట్టేయాలని తట్టేది కాదు. స్టెరాయిడ్లకు ముఖం పూరీలా పొంగింది. స్నేహితులు వచ్చి ‘బాగా ఒళ్ళు చేశావే’ అని సంతోషించి వెళ్ళారు. పరీక్ష పేపర్లు దిద్దగలిగింది తొమ్మిదో నెలలో, పూర్తి పీరియడ్ చెప్పగలిగింది పద్నాలుగో నెలలో. ఇప్పటికీ అలసిపోతే పేర్లు జారిపోతాయి. హాజరు పిలిచేటప్పుడు వేలు పట్టీ మీద పెట్టుకుంటాను.

2013లో 577 మంది రోగులతో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, రెండేళ్ళపాటు గమనించినవారిలో 81 శాతం బాగా కోలుకున్నారని ఉంది. మిగిలిన 19 శాతం గురించి కూడా ఆలోచిస్తాను, లెక్కల టీచరును కదా.

మళ్ళీ వస్తుందా?

రావచ్చు. అదే అధ్యయనంలో రెండేళ్ళలో తిరగబెట్టింది 12 శాతం మందికి. నాకు రాలేదు. కానీ ఒక రాత్రి నిద్ర పట్టకపోతే మర్నాడు అమ్మ నన్ను రెండుసార్లు ‘నేనెవరిని?’ అని అడుగుతుంది. ‘మా అత్తగారివి’ అంటే ఇంకా కంగారుపడుతుంది, అందుకని ఆ జోకు మానేశాను.

పెళ్ళి?

స్థలం అమ్మేశారని చెప్పాను కదా.

పిచ్చి కాదని తేలినప్పుడు ఎంత ఊరట కలిగిందో కదా?

అందరూ ఇలాగే అంటారు. ‘హమ్మయ్య, పిచ్చి కాదు, జబ్బే.’ మంచి మనసుతోనే అంటారు. ఆ తొమ్మిది రోజులూ నా పక్క మంచం మీద ఒకామె ఉండేది. నేను తినకపోతే అమ్మతోపాటు ఆమె కూడా నాకు పెరుగన్నం పెట్టిందని అమ్మ చెప్పింది. ఆమెకు గడ్డ లేదు, యాంటీబాడీలు లేవు, వెన్ను నీటిలో ఏమీ దొరకలేదు. ఆమెది స్కిజోఫ్రీనియా. ఆమెది జబ్బు కాదా? ‘పిచ్చి కాదు’ అని మీరు నన్ను అభినందించినప్పుడల్లా ఆమెను ఇంకో మెట్టు కిందకు తోస్తున్నారు. ఈ నగరంలో కోపమొస్తే ‘ఎర్రగడ్డకు పో’ అంటాం, మానసిక వైద్యశాల ఉన్నది అక్కడే కాబట్టి. నేనూ తరగతిలో ఒకసారి అన్నాను, జబ్బుకు ముందు. ఇప్పుడు తలుచుకుంటే ముఖం చెల్లదు. నా జబ్బును పిచ్చి అనుకోవడం పొరపాటు. పిచ్చి అనుకున్నాక నా మాట, మా అమ్మ మాట వినక్కర్లేదనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. పరీక్షల్లో ఏమీ తేలకపోయి ఉంటే ఆ రెండోది ఇప్పటికీ నడుస్తూ ఉండేది.

మా ఇంట్లో ఒకరికి ఇలాగే ఉంది. ఏం చేయాలి?

మనసు హఠాత్తుగా మారిన ప్రతివారిదీ ఈ జబ్బు కాదు. ఇది పది లక్షల మందిలో ఏడాదికి ఒకరిద్దరికి వచ్చేది. కానీ అంతకు ముందు ఏ ఇబ్బందీ లేని మనిషి రోజుల్లో, వారాల్లో మారిపోయి, దానికి ముందు జ్వరమో తలనొప్పో ఉండి, మూర్ఛ, మాట తగ్గడం, నోరు చేతులు వాటంతటవే ఆడటం, ఒళ్ళు బిగుసుకోవడం వంటివి తోడైతే, నరాల డాక్టరు చూడాలని గట్టిగా అడగండి. ఈఈజీ, వెన్ను నీటి పరీక్ష, ఆడవాళ్ళకు పొత్తికడుపు స్కానింగ్ గురించి నోరు విప్పి అడగండి. అడిగినందుకు ఎవరైనా చిరాకుపడితే పడనివ్వండి. మూర్ఛ ఆగకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఇస్తున్న మందులు మీ అంతట మీరు ఆపకండి. మానసిక ఇబ్బందే అయితే 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తేదీలు రాయండి. ఏ కాగితమైనా సరే.

ఆ పాల పుస్తకం ఇప్పుడెక్కడుంది? మీ పుస్తకంలో అచ్చువేస్తారా?

ఫోటోలు తీసుకున్నాను. అసలుది ఇవ్వనంది అమ్మ, ఇంకా పన్నెండు పేజీలు మిగిలాయని. సెప్టెంబరు నుంచి మళ్ళీ అర లీటర్లు మొదలయ్యాయి. జూలై, ఆగస్టుల్లో పాలు తీసుకోలేదని అమ్మ, రోజూ గుమ్మంలో పెట్టానని పాలబ్బాయి. పుస్తకంలో రాసి లేదు కాబట్టి ఇవ్వక్కర్లేదని అమ్మ వాదన. ఆ రెండు నెలల డబ్బుల సంగతి ఇంకా తేలలేదు. నన్ను సాక్ష్యం అడుగుతారు ఇద్దరూ.